పేరు మాఱిన బిడ్డలు

గడచిన శ్రావణ శుక్రవారమున మా యింట పేరంటము జరిగినది. పసుపు కుంకుమలు, తాంబూలము నందుకొని, వాయనపు శనగలను మూటగట్టుకొని లేవబోవుచున్న సోదరీమణులు ఒక మాటకు మఱల కూర్చుండిరి. ఆ మాట నిక్కీ హేలీ యను నామెను గూర్చినది. ఆమె అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రమునకు గవర్నరుగను, పిదప ఐక్యరాజ్యసమితిలో ఆ దేశపు రాయబారిగను పనిచేసెను. 2024లో అధ్యక్షపదవికి తన పక్షము తరఫున నిలువగోరి పోటీచేసి, మార్చినెలలో విరమించుకొనెను. పంజాబునుండి వలసపోయిన సిక్కు దంపతుల కుమార్తె యామె.

"మన దేశపు పిల్ల యని మనము మురియుటయే కాని, ఆమెలో మనది యేమి మిగిలినది? పేరు మార్చుకొన్నది, మతము మార్చుకొన్నది, ఇంటిపేరును మాఱినది. పుట్టింటిని నిలుపుకొనలేని పిల్ల రాజ్యమును నిలుపునా?" అని మా పొరుగింటి వదినగారనిరి. అందఱును ఔననిరి. మేమును ఔనంటిమి. అంతటితో పేరంటము ముగిసినది.

ఆ రాత్రియే అమెరికాలోనున్న మా అన్నగారు ఫోను చేసిరి. వారి కుమార్తెకు పదునైదేండ్లు. అక్కడనే పుట్టి పెరిగినది. ఆ పిల్లకు పెట్టినది మా తల్లిగారి పేరు. మన నోటికి ఇంపైన పేరేకాని, అక్కడివారి నాలుకకు అది తిరుగదు. పిల్ల చదువుచున్న బడిలో విద్యార్థి సంఘమునకు ఎన్నికలు వచ్చినవి. అందులో నిలువదలచి, గోడలకంటించు కాగితములపైన మా తల్లిగారి పేరు విడిచి, ఇంట ముద్దుగా పిలుచుకొను రెండక్షరముల పేరును వ్రాసికొన్నదట. అది చూచి మా అన్నగారు, "మీ నాయనమ్మ పేరు నీకంత బరువైపోయినదా?" అని గద్దించిరి. పిల్ల బదులు చెప్పక తలుపు వేసికొన్నది. రెండు దినములుగా తండ్రితో మాటలు లేవట. "అది నీ మాట వినును. పేరు మార్చుకొనుట తగదని నీవు చెప్పవలెను" అని వారు మమ్మడిగిరి. పగలు పేరంటములో ఔనన్న నోటితోనే రాత్రి మా అన్నగారికిని ఔనంటిమి.

ఔనన్నామే కాని నిద్ర పట్టలేదు. పిల్లకు బుద్ధి చెప్పువారు మొదట తాము తెలిసికొనవలయును గదా! మా వారు బడిపంతులగుటచే పుస్తకము, పత్రిక యనిన వారికి వేడుక. వారిచేత తెప్పించుకొని, వంటపని ముగిసిన పిదప కొన్ని దినములు చదివితిమి. చదివినకొలదియు, పేరంటములో మేమన్న ఔను మాకే బరువైనది. ఆ సంగతియే సోదరీమణులతో ముచ్చటింప నుంకించితిమి.

అమెరికాలో మనవారి స్థితి మొదట ఎట్లుండెనో యెఱిగిననే తక్కిన కథ యర్థమగును. మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యములో చేరి కొలువు చేసిన భగత్ సింగ్ థిండ్ అను సిక్కు తనకు పౌరసత్వమిమ్మని కోరెను. అతనికి ఆ యర్హత లేదని 1923లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. 1946లో చట్టము మాఱి భారతీయులు పౌరులగుటకు వీలు కలిగినది. అట్లు పౌరుడైన దలీప్ సింగ్ సౌంద్ అను పంజాబీ రైతు 1956లో కాలిఫోర్నియానుండి అమెరికా కాంగ్రెసునకు ఎన్నికయ్యెను. మన దేశమున పుట్టి ఆ సభలో కూర్చున్న మొదటివాడాయనయే. 1965లో వచ్చిన మఱియొక చట్టము చదువుకొన్నవారికి తలుపు తెఱచినది. మన తెలుగునాటినుండియు వైద్యులు, ఇంజనీర్లు ఆ తలుపుననే పోయిరి.

నిక్కీ తండ్రి అజిత్ సింగ్ రణధావా మొదట కెనడాలో పైచదువు చదివి, 1969లో దక్షిణ కరోలినాకు వచ్చెను. నల్లజాతివారి విద్యకై వెలసిన వూరీస్ కళాశాలలో ఆయన అధ్యాపకుడు. తల్లి రాజ్ కౌర్ ఢిల్లీ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివిన యామె. వారు కాపురముండినది బాంబెర్గు అను చిన్న పట్టణము. తలపాగ ధరించు తండ్రి, చీర కట్టు తల్లి. అట్టివారిని ఆ యూరు అంతకుముందెఱుగదు.

1972 జనవరి 20వ తేదీన అక్కడ పుట్టిన ఆ పిల్లకు తలిదండ్రులు పెట్టిన పేరు నిమ్రతా నిక్కీ రణధావా. నిక్కీ యనునది ఆమె పెద్దయిన పిమ్మట దొరలను మెప్పించుటకు తెచ్చిపెట్టుకొన్న పేరని మేమనుకొనియుంటిమి. అది పొరపాటు. నిక్కీ యనునది పంజాబీమాటయే. చిన్నది, చిట్టి యని దాని యర్థము. మన యిండ్లలో చిట్టి, చిన్నారి, బుజ్జి యని పిలుచుకొనునట్లు ఆ యింట పిలుచుకొన్న పేరు. పుట్టిననాడే పేరులో చేరియున్న మాట. ఆ సంగతి యెఱుగకయే మేము పేరంటములో తీర్పు చెప్పితిమి!

ఆ పిల్లకు ఐదేండ్ల ప్రాయమున నొకటి జరిగినది. ఆ యూరిలో చిన్నపిల్లలకు అందాలపోటీ పెట్టుట వాడుక. తెల్లపిల్లలలో నొక రాణిని, నల్లపిల్లలలో నొక రాణిని ఎన్నుకొనుట వారి పద్ధతి. నిక్కీయు, ఆమె యక్కయు పోటీకి పోగా, ఈ పిల్లలు ఏ వరుసలోనివారని పెద్దలకు తోచలేదు. అందుచే ఇద్దఱిని పోటీనుండి తొలగించిరి. తెలుపు కాదు, నలుపు కాదు, కావున నీకు చోటు లేదని ఐదేండ్ల పసిదానికి చెప్పుట యెట్టిదో కన్నతల్లులకు మేము వివరింపనక్కఱలేదు.

ఆ తల్లి యేమి చేసెనో మాత్రము చెప్పవలయును. న్యాయశాస్త్రము చదివిన యామె ఆ యూరిలో బడిపిల్లలకు పాఠములు చెప్పెను. 1976లో ఒక చిన్న వ్యాపారము పెట్టెను. అది క్రమముగా పెద్ద బట్టలకొట్టయ్యెను. పన్నెండు పదుమూడేండ్ల ప్రాయమున నిక్కీ ఆ కొట్టు లెక్కలు వ్రాయుటకు కూర్చుండెను. వచ్చిన దెంత, పోయిన దెంత, మిగిలిన దెంత యని రాత్రి లెక్క సరిచూచుకొను పని. బడిపంతులు జీతముతో నెల గడపు మావంటివారికి ఆ పని చేదో తీపో బాగుగా తెలియును. రాజ్యపు లెక్కలైనను, ఇంటి లెక్కలైనను, లేని సొమ్మును ఉన్నట్లు వ్రాసినచో నిలువవు. పిదప ఆ పిల్ల క్లెంసన్ విశ్వవిద్యాలయములో లెక్కలశాస్త్రమునే చదివి, తల్లి కొట్టుకే తిరిగి వచ్చెను. 2004లో, దాదాపు ముప్పదేండ్లుగా కదలక కూర్చున్న యొక సభ్యుని తన పక్షములోనే యోడించి రాష్ట్ర శాసనసభకు పోయెను. పోటీ చేయవలయునను బుద్ధి తనకు హిల్లరీ క్లింటను ప్రసంగము వినుటచే కలిగినదని ఆమెయే చెప్పినది. క్లింటను ఎదుటి పక్షమునకు చెందినయామె. అయినను ఒక స్త్రీ మాట మఱియొక స్త్రీకి పనికివచ్చినది.

2010లో ఆమె గవర్నరుగా ఎన్నికై, 2011 జనవరిలో పదవి స్వీకరించెను. ఆ రాష్ట్రమునకు స్త్రీ గవర్నరగుట అదే మొదలు.

ఇక మతము మాట. 1996లో ఆమె మైకేల్ హేలీ యను నాతని వివాహమాడెను. సిక్కు పద్ధతినొకటి, క్రైస్తవ పద్ధతినొకటి, రెండు విధముల పెండ్లి జరిగెను. ఆమె క్రైస్తవమతము స్వీకరించిన మాట నిజమే. అయినను 2014లో గవర్నరుగా మన దేశమునకు వచ్చినప్పుడు అమృతసరములోని స్వర్ణమందిరమునకు పోయి, తలపై ముసుగు వేసికొని మ్రొక్కివచ్చెను. ఇది మంచిది, ఇది కాదని చెప్పుటకు మేము చాలము. కాని ఒక్క పిల్లనే చూచి తీర్పు చెప్పరాదని, అదే యేట అట్టి యింటనే మఱియొక దేశమున పుట్టిన యింకొక పిల్ల కథనుగూడ వెదకితిమి.

ఆమె ప్రీత్ కౌర్ గిల్. 1972లోనే ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో పుట్టినది. బర్మింగ్‌హాము నానుకొని స్మెథిక్ అను పరిశ్రమల పట్టణమున్నది. అక్కడి కర్మాగారములలో పనికై పంజాబునుండి పోయినవారు పెక్కుమంది. 1964 ఎన్నికలలో ఆ పట్టణమున వలసవచ్చిన వారిపై ద్వేషమునే యాయుధముగా చేసికొని యొక యభ్యర్థి గెలిచెను. అక్కడ మార్షల్ వీధిలో అమ్మకమునకు వచ్చిన యిండ్లను తెల్లవారికి దక్క అన్యులకు చేరనీయరాదని యత్నము జరిగెను. దానిని చూచుటకు అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ 1965 ఫిబ్రవరిలో ఆ వీధికి వచ్చెను.

ఆ పట్టణముననే గురునానక్ గురుద్వారము వెలసినది. ప్రీత్ తండ్రి దానికి చాలకాలము అధ్యక్షుడు. గురుద్వారమనిన మన దేవాలయమువలె దైవదర్శనమునకు మాత్రమే కాదు. అక్కడ లంగరు అను వంటశాల యుండును. వచ్చినవా రెవరైనను, ఏ కులమువారైనను, ఏ మతమువారైనను, ఒకే పంక్తిని నేలపై కూర్చుండి భుజింపవలయును. వండువారు, వడ్డించువారు, అంట్లు తోమువారు అందఱును కూలి తీసికొనక పని చేయుదురు. దానిని సేవ యందురు. అట్టి సేవను కన్నులార చూచుచు పెరిగిన బిడ్డకు ప్రజాసేవ యనునది క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

ప్రీత్ చదువు ముగించి, దిక్కులేని బిడ్డల బాగోగులు చూచు బాలసంరక్షణ శాఖలో పనిచేసెను. 2012లో స్మెథిక్ పట్టణము చేరియున్న శాండ్‌వెల్ పురపాలక సభకు సభ్యురాలయ్యెను. 2017 జూన్ ఎన్నికలలో బర్మింగ్‌హాములోని ఎడ్జ్‌బాస్టను స్థానమునుండి పార్లమెంటుకు ఎన్నికయ్యెను. బ్రిటిషు పార్లమెంటులో ప్రవేశించిన మొదటి సిక్కు మహిళ యామెయే. 2019లోను, 2024లోను మఱల అక్కడనే గెలిచెను. ఆ ఎడ్జ్‌బాస్టను స్థానమున 1953నుండి స్త్రీలే వరుసగా ఎన్నికగుచున్నారను సంగతి చదివి మేమెంతయో సంతసించితిమి. ఒకరి చేతినుండి ఒకరికి దీపమందినట్లు నలుగురు స్త్రీలు! ద్వేషముతో ఎన్నికలు గెలిచిన స్మెథిక్కు ప్రక్కననే, ఏబదిమూడేండ్లకు, ఆ పట్టణపు గురుద్వారాధ్యక్షుని కుమార్తె పార్లమెంటులో కూర్చున్నది.

ప్రీత్ పేరును మార్చలేదు, మతమును మార్చలేదు. నిక్కీ మతము మార్చినది, చిన్నపేరుతోనే లోకమున వెలసినది. పేరంటములోని తీర్పు ప్రకారము ప్రీత్ మనది, నిక్కీ పరాయిది. ఇక్కడనే మా కలము నిలిచిపోయినది. ఏలయన ఆ తీర్పులో మా కథయు నున్నది.

మేము కాపురమునకు వచ్చిన దినమున మా యింటిపేరు మాఱినది. గోత్రము మాఱినది. ఇది మన యాడువారందఱికి నుండునదే. మాకు మఱియొకటియు మాఱినది. మా అత్తగారి పేరును మా పేరును ఒక్కటియే. తల్లిపేరు పెట్టి భార్యను పిలుచుట యెట్లని, గృహప్రవేశము నాడే పెద్దలు మాకు వేఱొక పేరు పెట్టిరి. ఎవరును మమ్మడుగలేదు. మాకును అడుగవలయునని తోచలేదు. రేషను కార్డులోను, ఓటరు పట్టికలోను ఇప్పుడున్నది ఆ క్రొత్తపేరే. మా తల్లిగారు పోయిన పిమ్మట, మమ్ము పుట్టింటి పేరుతో పిలుచువారు లోకమున మా అన్నగారొక్కరే మిగిలిరి. ఆ రాత్రి ఫోనులో వారు ఆ పేరుతోనే పిలిచి, "పేరు మార్చుకొనరాదని దానికి చెప్పు" మనిరి. ఔనన్నప్పుడు మాకది తట్టలేదు. తట్టిన పిమ్మట కన్నీరాగలేదు.

పేరు మాఱినదని మమ్మెవరును పుట్టింటి ద్రోహి యనలేదు. మాఱినందుకు ఇల్లాలని మెచ్చుకొనిరి. మగనియింటికై మార్చుకొన్న పేరు గౌరవమైనప్పుడు, బ్రదుకుచున్న దేశమునకై కుదించుకొన్న పేరు ద్రోహమెట్లగును? రెండిండ్లకు చెందుట యెట్టిదో ఆడుదానికి నేర్పవలెనా? వలసపోయిన వారి బిడ్డయు అట్టిదే. ఆ బిడ్డకు పుట్టినిల్లొకటి, మెట్టినిల్లొకటి. ఒకటి కన్నది, ఒకటి పెంచినది.

సిక్కులలో ఈ పేరు విషయమున ఒక మంచి పద్ధతి కలదు. స్త్రీలందఱికి కౌర్ అనియు, పురుషులందఱికి సింగ్ అనియు పేరుచివర చేర్తురు. కులము తెలియనీయరాదని, స్త్రీ పేరు తండ్రిదో భర్తదో కానక్కఱలేదని దాని భావము. ఈ సింగ్ పేరు వ్యాపింపజేసిన గురు గోవింద సింగు 1708లో దేహము చాలించినది మన గోదావరి యొడ్డుననే, నాందేడులో. కెనడాలో పుట్టిన జగ్మీత్ సింగ్ 2011లో అంటారియో రాష్ట్ర సభకును, పిదప ఆ దేశపు పార్లమెంటుకును ఎన్నికయ్యెను. 2017నుండి 2025వఱకు ఒక జాతీయ పక్షమునకు నాయకుడుగా నుండెను. ఆయన తలపాగను విడువలేదు. కాని కులమును తెలుపు ధాలీవాల్ అను ఇంటిపేరును ప్రజాజీవితమున విడిచిపెట్టెను. కనుక పేరులో కొంత విడుచుటయు ఒక్కొక్కప్పుడు ధర్మమే. ఏది విడిచితిమనుటకంటె ఏల విడిచితిమనుటయే ముఖ్యము.

మఱి నిక్కీ యేమి విడువలేదు? దానికి 2015వ సంవత్సరమే సమాధానము.

దక్షిణ కరోలినా శాసనసభాభవనము మీద, 2000నుండి దాని ముందఱ, ఒక పాత జెండా ఎగురుచుండెను. బానిసత్వమును నిలుపుకొనుటకై 1861లో యుద్ధమునకు దిగిన రాష్ట్రముల జెండా యది. నల్లజాతివారికి దానిని చూచినపుడెల్ల గుండె మండుచుండెను. 2014 ఎన్నికలలో దానిని గూర్చి యడుగగా, ఏ వ్యాపారసంస్థ యధిపతియు తనతో దానిని గూర్చి మాటాడలేదని నిక్కీ చెప్పి తప్పించుకొనెను. ఇది మాకు నచ్చలేదు. ఐదేండ్లనాడే తెలుపు నలుపుల నడుమ నలిగిన పిల్ల అట్లనవలసినది కాదు. అధికారములో నున్నవారికి ఎదుటివారి నొప్పి ఆలస్యముగా వినబడుననుట కిది దృష్టాంతము.

2015 జూన్ 17వ తేదీ రాత్రి చార్లెస్టను నగరమున ఒక చర్చిలో బైబిలు పాఠమునకు కూడిన నల్లజాతివారిలో తొమ్మండుగురిని ఒక తెల్ల యువకుడు కాల్చి చంపెను. ఆ జెండాను పట్టుకొని యతడు దిగిన ఛాయాచిత్రములు బయటపడెను. ఐదుదినములకు గవర్నరు, జెండా దిగవలయునని బహిరంగముగా చెప్పెను. శాసనసభలో పదుమూడు గంటలకు పైగా వాదములు జరిగినవి. తుదకు 94 మంది అనుకూలముగను, 20 మంది ప్రతికూలముగను ఓటు వేసిరి. జూలై 9న ఆమె చట్టముపై సంతకము చేసెను. సంతకము చేసిన తొమ్మిది కలములను మరణించిన తొమ్మండుగురి కుటుంబముల కిచ్చెను. మఱునాడు జెండా దిగినది.

అప్పుడామె యొక పాత సంగతిని బయటపెట్టినది. చిన్ననాడు తండ్రితో కారులో పోవుచు కొలంబియా నగరమున పండ్లు, కూరగాయల కొట్టు వద్ద ఆగిరట. తండ్రి తలపాగను చూచి కొట్టువారు బెదిరి పోలీసులను పిలిచిరి. పోలీసులు వచ్చి నిలుచుండిరి. తండ్రి సొమ్ము చెల్లించి, వందనము చెప్పి, ఇంటికి వచ్చువఱకు మాటలాడలేదు. ఆ కొట్టు ముందుగా పోయినపుడెల్ల నేటికిని ఆ బాధ కలుగునని, ఆ జెండా ముందుగా పోవువారికి కలుగు బాధయు నదేయని యామె చెప్పినది.

ఇది చదివి మేము పుస్తకము మూసితిమి. పేరు కుదిరినది, మతము మాఱినది, ఇంటిపేరు పోయినది. కాని తండ్రి తలపాగకు జరిగిన యవమానము ఆ పిల్ల గుండెనుండి పోలేదు. ఆలస్యముగనైనను అది పరుల కన్నీటిని తుడుచుటకు వచ్చినది. పుట్టిల్లు నిలిచినదా లేదా యని చూచుటకు ఇంతకంటె గుఱుతేమి కావలెను?

చిన్నపేరు పెట్టుకొన్నంతమాత్రమున లోకము విడిచిపెట్టునని గూడ అనుకొనరాదు. 2010లో ఆ రాష్ట్రపు సెనేటరు ఒకడు ఆమెను తలగుడ్డదానివని నిందించెను. 2024 ఎన్నికలలో ఆమె ప్రత్యర్థి డొనాల్డు ట్రంపు, ఆమె పుట్టుపేరును వంకరగా వ్రాసి పరిహసించెను. దాచుకొన్నను వెదకి తెచ్చి కొట్టుదురు, దాచకున్నను కొట్టుదురు. అందుచే లోకమునకు వెఱచి పేరు మార్చుట నిష్ఫలము. పోటీనుండి విరమించుకొనిన పిమ్మట ఆమె అదే ట్రంపును బలపఱచుట మాకు రుచింపలేదు. కాని రాజకీయములలో నచ్చనివి పురుషుల చరిత్రలలోను కావలసినన్ని కలవు. వారినెవరును పుట్టింటిమాట యడుగరు.

మన తెలుగుదేశపు పిల్లలకును ఈ త్రోవ క్రొత్తది కాదు. 1964లో హైదరాబాదున పుట్టి, ఏడేండ్ల ప్రాయమున తలిదండ్రులతో అమెరికా చేరిన అరుణా మిల్లరు 2023 జనవరిలో మేరీలాండు రాష్ట్రమునకు లెఫ్టినెంటు గవర్నరైనది. అక్కడి రహదారుల శాఖలో ఇంజనీరుగా పనిచేసి, శాసనసభలో కూర్చుండి, క్రమముగా పైకి వచ్చినయామె. ఆమెకును భర్తవలన వచ్చినది పరదేశపు ఇంటిపేరే.

ఇవన్నియు చదివిన పిమ్మట మా మేనకోడలితో మాటలాడితిమి. మా అన్నగారు కోరిన మాట చెప్పలేదు. మొదట నిక్కీ యనగా చిట్టి యని చెప్పితిమి. పిల్ల నవ్వినది. తరువాత మా పేరు మాఱిన కథ చెప్పితిమి. నవ్వు మాని, "అయితే నీ అసలు పేరేమి, అత్తా?" అని యడిగినది. పదునైదేండ్లుగా ఆ పిల్లకు మా పేరే తెలియదు! చెప్పితిమి. రెండుసార్లు పలికి చూచుకొన్నది. "నిన్ను అడుగకయే మార్చిరా?" అన్నది. "అడుగలేదు. నిన్నడుగుచున్నారు. నీ పేరు నీవు కుదించుకొన్నచో తప్పు లేదు. భయపడి కుదించుకొన్నచో మాత్రము అది కుదించుట కాదు, దాగుకొనుట. ఏది నిజమో నీకే తెలియును" అంటిమి. పిల్ల కొంతసేపు మాటలాడలేదు. "కొంచెము భయమే, అత్తా" అన్నది. ఆ మాట తండ్రితో చెప్పుమంటిమి. చెప్పినదట. పేరు బరువై కాదు, భయమై యని తెలిసికొని మా అన్నగారు పిల్లను దగ్గఱకు తీసికొనిరట. కాగితములపైన ఇప్పుడు రెండు పేర్లు నున్నవి. ముద్దుపేరు పెద్ద యక్షరములలోను, మా తల్లిగారి పేరు దాని క్రిందను. ఎన్నిక యింకను కాలేదు.

ఆ మఱుసటి శుక్రవారము పొరుగింటి వదినగారి యింట పేరంటము. పదునొకండుగురము కూడితిమి. నిక్కీ మాట మేమే యెత్తి, మొన్న ఔనన్నందుకు తప్పు మాదేనంటిమి. పిదప వదినగారిని, "మీ పుట్టింటివారు మిమ్మేమని పిలిచెడివారు?" అని యడిగితిమి. ఆమె కొంచెము తడవు పళ్లెములోని పసుపును సర్దుచుండి, మేమెన్నడు వినని యొక పేరు చెప్పిరి. ఇరువదియాఱేండ్లుగా ఆ పేరుతో పిలిచినవారు లేరట. ఆ ప్రక్కనున్న యామె తన పాతపేరు చెప్పినది. మఱియొకామె చెప్పినది. పదునొకండుగురిలో నలుగురికి పెండ్లితో పేరు మాఱినది. వెళ్లునప్పుడు వదినగారు వాకిటివఱకు వచ్చి తాంబూలమందిచ్చి, మమ్ము మా పుట్టింటి పేరుతో పిలిచి, మెల్లగా పోయి రమ్మనిరి.